అరుగు మీద ఎర్ర గీత

ఇవాళ అమ్మతో వెళ్లి ఇంటి పన్ను కట్టొచ్చాను. ఏప్రిల్ 30 లోపు ఏడాదిది మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గుతుందని అమ్మకి పట్టుదల. రసీదుని పాత రసీదుల పక్కన పెట్టి చూసి, "ఏంట్రా, ప్రతిసారీ పెరుగుతూనే ఉంది?" అంది.

2021 నుంచి మన ఆంధ్రా పట్టణాల్లో, ఇంటికి ఎంత అద్దె వస్తుందో చూసి పన్ను వేసే లెక్క పోయి, ఆస్తి విలువని బట్టి పన్ను వేస్తున్నారు. ఏడాదికి 15 శాతం మించి పెంచరట. అదేదో దయ చూపినట్టు చెబుతారు గానీ, 15 చొప్పున ఐదుసార్లు పెరిగితే రెట్టింపే కదా!

సరే, ఆస్తి విలువ పెరిగింది. వీధిలో ఏం పెరిగింది? కాలువలో పూడిక తీసి గట్టునే పోస్తారు, వాన పడితే మళ్లీ అందులోకే. కుళాయి వస్తే మొదటి రెండు బిందెలూ పారబోయాల్సిందే, అంత వాసన.

పోయిన నెల రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి మా అరుగు మధ్యలో ఎర్ర గీత గీసి పోయారు. డబ్బులివ్వరట, టీడీఆర్ బాండ్ ఇస్తారట. అంటే పోయిన స్థలానికి బదులు, ఇంకోచోట అదనంగా కట్టుకోవడానికో అమ్ముకోవడానికో హక్కిచ్చే కాగితం. అదేంటో అమ్మకి చెప్పేసరికి అరగంట పట్టింది. అంతా విని, "మరి అరుగు పోతే పన్ను తగ్గిస్తారా?" అంది.

అదే మాట ఇవాళ కౌంటర్లో కుర్రాణ్ణి అడిగాను. నవ్వి, "అర్జీ పెట్టుకోండి సార్" అన్నాడు.