రాజు నిలబడ్డ చోట, రాణి ఇచ్చిన మూర్తి

చిత్తూరులో పుట్టి పెరిగిన నేను తిరుమలకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. అయినా మహాద్వారం దాటగానే కుడివైపున్న మండపం ముందు ఒక్కసారైనా ఆగిన గుర్తు లేదు. ఈసారి మా మేనత్తను వెంటబెట్టుకుని శ్రీనివాస మంగాపురం మీదుగా శ్రీవారి మెట్టు దారిన ఎక్కాను. చంద్రగిరి కోటలో విడిది చేసిన రాజులు కొండకు ఈ దారినే వచ్చేవారని ఇక్కడి పెద్దలు చెబుతారు. 2,388 మెట్లలో ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడతానని అత్త మొక్కుకోవడంతో, గంటన్నరలో ముగియవలసిన నడకకు ఒక పూటంతా పట్టింది. పైకి చేరేసరికి ఆమె కుడిచేతి వేళ్లు గోళ్ల దాకా పచ్చబడి, నానిపోయినట్టు ముడతలు తేలి ఉన్నాయి.

నేనెప్పుడూ ఆగని ఆ కృష్ణరాయ మండపం దగ్గర వరుస కాసేపు నిలిచిపోయింది. ఇరువైపులా తిరుమలదేవి, చిన్నాదేవి ఉండగా కృష్ణదేవరాయలు నడుమ చేతులు జోడించి నిలుచున్న లోహ విగ్రహాలు అక్కడ ఉన్నాయి. తల మీద పొడవాటి కుళ్లాయి, భుజాన చెక్కిన పేరు. రాయల తమ్ముడు అచ్యుతరాయల శిలావిగ్రహమూ ఆ మండపంలోనే ఉంది గాని, జనం ఒత్తిడిలో దానిని సరిగా చూడలేకపోయాను.

"చూడు నాయినా, అంత రాజు గూడా మన మాదిరే దండం పెట్టుకోని నిలబడుండాడు" అంది అత్త.

1513 నుంచి 1521 వరకు ఏడుసార్లు కొండకు వచ్చిన ఈ రాజు మొదటి రాకలోనే కర్పూర హారతికి 25 వెండి పళ్లాలు సమర్పించాడు. రాణులిద్దరూ స్వామివారి పాల ఆరగింపుకు బంగారు గిన్నెలిచ్చారు. గర్భగుడి పైనున్న ఆనంద నిలయ విమానానికి బంగారు పూత వేయించడానికి రాయలు 30,000 వరహాలు ఇవ్వగా, ఆ పని 1518లో పూర్తయింది. దర్శనమై బయటికి వచ్చాక అత్త తలెత్తి చూసి చెంపలు వేసుకున్నది ఆ విమానానికే. అయితే ఈనాడు మెరుస్తున్నది 1958లో కొత్తగా చేయించిన తాపడమని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

నన్ను అంతకంటే ఎక్కువగా ఆకట్టుకున్న దానం మరొకటి ఉంది. క్రీ.శ. 966లో సామవై అనే పల్లవ రాణి అడుగున్నర ఎత్తున్న వెండి మూర్తిని చేయించి ఇచ్చింది. దానితో ఆమె సరిపెట్టుకోలేదు. నగలు పెట్టి, భూములు కొని రాసి, పురట్టాసి అనే తమిళ మాసంలో ఉత్సవం సాగేలా కట్టడి కూడా చేసింది. భోగ శ్రీనివాసుడని మనం పిలుచుకునే ఆ మూర్తిని మూలవిరాట్టు పాదాల చెంత ఉంచి, రెంటినీ పట్టుదారంతో కలుపుతారు. ఊరేగింపులకు వెళ్లేది మలయప్పస్వామి కాగా, ఈ స్వామి గుడి లోపలే ఉండి నిత్యాభిషేకం అందుకుంటాడు. రాత్రి ఏకాంతసేవలో అన్నమయ్య వంశీకుల జోలపాటకు వెండి మంచం మీద పవళించేదీ ఈయనే. ధనుర్మాసంలో మాత్రం ఆ మంచం శ్రీకృష్ణుడిది. పూసిన బంగారాన్ని కాలం మళ్లీ పూయించుకుంది కాని, ఆ వెండి స్వామికి వెయ్యేళ్లు దాటినా కొలువు సాగుతూనే ఉందని తలచుకుంటే, రాయల దానం కంటే రాణి దానమే నాకు పెద్దదిగా తోస్తుంది.

విమాన ప్రదక్షిణలో నడుస్తూ ఇదంతా అత్తకు చెప్పాను. ఆమె నడక ఆపి, "మరి ఆయమ్మ బొమ్మ యాడుందిరా?" అని అడిగింది.

"రాజుల మండపంలో లేదత్తా. ఇక్కడ గోడ మీద రాతలో ఉంది పేరు" అన్నాను. ఆ గోడల నిండా పాత తమిళ అక్షరాలే. వాటిలో సామవై పేరు ఎక్కడుందో పోల్చుకునే చదువు నాకు లేదు. వెనకవాళ్లు "జరగండి, జరగండి" అంటున్నా అత్త కదలకుండా పసుపు వదలని ఆ వేళ్లతో చేతికందిన అక్షరాలను ఒకసారి తడిమి, కళ్లకద్దుకుని, ఆ తర్వాతే అడుగు ముందుకు వేసింది.