అల్యూమినియం పంగలకర్ర: ప్లేటు కోత నుంచి ఆఖరి మెరుగు దాకా నా అనుభవం

అల్యూమినియం పంగలకర్ర అనగానే అందరూ ముందు బలం గురించి అడుగుతారు. లెక్క వేసి చూస్తే అక్కడ భయపడాల్సింది ఏమీ లేదు. రబ్బర్లు పూర్తిగా లాగినప్పుడు మొత్తం ఆరు కిలోల లాగుడు ఉంటుందనుకుందాం, అంటే ఒక్కో కొమ్ముకు మూడు కిలోలు. కొమ్ము 22 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం, 50 మి.మీ. పొడవు ఉంటే దాని మొదట్లో పుట్టే ఒత్తిడి 4 మెగాపాస్కల్స్ చుట్టూ ఉంటుంది. 6061-టీ6 అనే గట్టి అల్యూమినియం మిశ్రమలోహం శాశ్వతంగా వంగడం మొదలయ్యేది 270 మెగాపాస్కల్స్ చుట్టుపక్కల. వంటపాత్రల మెత్తటి అల్యూమినియం కూడా ఆ లాగుడుకు వంగదు. అసలు పరీక్షంతా అంచుల దగ్గరే ఉంటుంది. రబ్బరు మడత పడేది అంచు మీద, అరచేతిలో ఒత్తుకునేది అంచే, గురి తప్పిన గుండు వచ్చి తగిలేదీ అక్కడే. అందుకే ఈ ఫ్రేమ్ పనిలో కోత కన్నా అంచులు గుండ్రం చేయడానికి, గీతలు పోగొట్టడానికి నేను చాలా ఎక్కువ సమయం కేటాయించాను.

లోహం విషయానికొస్తే, హైదరాబాద్‌లో రాణిగంజ్, బాలానగర్, విజయవాడలో ఆటోనగర్ లాంటి చోట్ల ప్లేటు తుంపులు తూకానికి దొరుకుతాయి. 6061-టీ6 అని అడగాలి. హెచ్‌ఈ-30 పేరుతో అమ్మేది 6082, అదీ మంచిదే. 150 × 100 × 10 మి.మీ. ముక్క తూకానికి నాలుగు వందల గ్రాముల పైన ఉంటుంది, పని పూర్తయ్యేసరికి అందులో 160 గ్రాముల దాకా మిగులుతుంది. 6 మి.మీ. ప్లేటు బలానికి సరిపోతుంది కానీ చేతికి సరిపోదు. పల్చటి అంచు అరచేతిలో గుచ్చుకుంటుంది, గుండ్రం చేయడానికి మందం చాలదు. కమర్షియల్ గ్రేడ్ అని అమ్మే మెత్తటి రకం వద్దు. రంపం పళ్లకూ ఆకురాయి పళ్లకూ అంటుకుపోతుంది, గుండు తగిలితే సొట్ట పడుతుంది. పాత ఇంజన్ కేసుల్లాంటి పోత అల్యూమినియం అసలే వద్దు. లోపల గాలి బుడగలుంటాయి, దెబ్బ తగిలితే విరగవచ్చు, ఆనొడైజింగ్ (కరెంటుతో పైన రంగు పట్టే పొర పెంచడం) చేయిస్తే మచ్చలుగా బూడిద రంగు తేలుతుంది. దుకాణంలోనే ఒక మూల ఆకురాయితో రుద్ది చూస్తే తెలిసిపోతుంది. టీ6 అయితే రజను పొడిపొడిగా రాలుతుంది, మెత్తటిదైతే పళ్లలో ఇరుక్కుంటుంది.

బొమ్మను గ్రాఫ్ పేపరు మీద సగమే గీసి, మధ్యలో మడిచి కత్తిరించాను. అలా చేస్తే రెండు కొమ్ములూ కచ్చితంగా ఒకేలా వస్తాయి. నా కొలతలు: మొత్తం ఎత్తు 125, కొమ్ముల బయటి వెడల్పు 92, మధ్య ఖాళీ 48, ఒక్కో కొమ్ము 22, పిడి వెడల్పు 30 మి.మీ. పంగ అడుగున మూల ఉండకూడదు. 24 మి.మీ. వ్యాసార్ధంతో నిండు అర్ధవృత్తం కావాలి, ఎందుకంటే పదునైన లోపలి మూల దగ్గరే ఒత్తిడి పోగుపడుతుంది, పైగా అక్కడికి ఆకురాయి కూడా చేరదు. కాగితాన్ని జిగురుతో ప్లేటుకు అంటించి, గీత పొడుగునా పంచ్‌తో చుక్కలు పెట్టాలి. కాగితం ఊడిపోయినా చుక్కలు ఉంటాయి.

కోతకు రెండు దారులున్నాయి. బయటి గీతలకు హ్యాక్‌సా చాలు. అంగుళానికి 18 పళ్ల బ్లేడు వాడాలి. 24 పళ్లది 10 మి.మీ. మందంలో పళ్ల మధ్య రజను నింపుకుని కొయ్యడం మానేసి జారుతుంది. బ్లేడుకు కొవ్వొత్తి మైనం రుద్దినా, కిరోసిన్ చుక్కలు వేసినా తేడా వెంటనే చేతికి తెలుస్తుంది. కిరోసిన్ వాడితే దగ్గర్లో నిప్పు ఉండకూడదు. వైస్ దవడలకు చెక్క ముక్కలు గానీ అల్యూమినియం యాంగిల్ గానీ అడ్డం పెట్టకపోతే, వాటి గరుకు ముద్ర ప్లేటు మీద పడుతుంది. ఆ ముద్రలు తీయడానికే తర్వాత గంటలు పడతాయి.

పంగ లోపలి ఖాళీకి సులువైన మార్గం లేత్ షాపులో డ్రిల్ ప్రెస్ మీద 48 మి.మీ. హోల్‌సా (గుండ్రంగా కోసే గొట్టం లాంటి రంపం) పెట్టించడం. వేగం తక్కువగా ఉండాలి, మధ్య మధ్యలో పైకి లేపి రజను దులపాలి. చేతి డ్రిల్లుకు హోల్‌సా బిగించి ఈ మందంలో దించవద్దు. ఒక పన్ను పట్టేసిందంటే డ్రిల్లు మణికట్టును మెలిపెట్టేస్తుంది. డ్రిల్ ప్రెస్ అందుబాటులో లేకపోతే వరుసగా చిన్న రంధ్రాలు వేసుకుంటూ పోవడమే. 5 మి.మీ. బిట్టుతో, రంధ్రాల కేంద్రాల మధ్య 6 మి.మీ. దూరం పెట్టి, ఆ కేంద్రాల వరుసను గీత నుంచి 4 మి.మీ. లోపలికి ఉంచాలి. అప్పుడు రంధ్రం అంచుకూ గీతకూ మధ్య మిల్లీమీటరున్నర లోహం మిగులుతుంది. బిట్టు కాస్త పక్కకు జరిగినా గీత చెడదు. రంధ్రాల మధ్య మిగిలిన పల్చటి గోడల్ని రంపంతో కోస్తే ముక్క ఊడి వస్తుంది. ముక్కను ఎప్పుడూ క్లాంపుతో బిగించే డ్రిల్లు చేయాలి. చేత్తో పట్టుకున్న ప్లేటు బిట్టుతో పాటు తిరిగితే వేళ్లు కోసుకుపోతాయి.

ఇక ఆకురాయి పని. ముందు 10 అంగుళాల గరుకు హాఫ్‌రౌండ్‌తో గీత దాకా తెచ్చి, తర్వాత సన్నరకంతో సాపు చేశాను. ఆకురాయికి ముందే సుద్ద దట్టంగా రుద్దడం తప్పనిసరి. లేకపోతే పళ్ల మధ్య అల్యూమినియం తునక ఒకటి ఇరుక్కుంటుంది, అది తర్వాతి ప్రతి తోపుకూ లోతైన గాడి గీస్తూ పోతుంది. అలా గీసుకుపోతున్న చప్పుడు వినగానే ఆపి, పల్చటి ఇత్తడి రేకు కొనతో పళ్ల వాలు వెంట తోసి ఆ తునకను తీసేయాలి. పని త్వరగా అవుతుందని బెంచ్ గ్రైండర్ రాయికి పెట్టే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి. రాయి రంధ్రాల్లో అల్యూమినియం నిండిపోయి దాన్ని వేడెక్కిస్తుంది, ఆ రాయి పగిలిపోయే ప్రమాదం ఉంది.

అంచుల్ని కంటి అంచనాతో గుండ్రం చేస్తే ఒక వైపు లావు, ఒక వైపు సన్నం వస్తుంది. రెండు వైపులా అంచు నుంచి 3 మి.మీ. దూరంలో మార్కర్‌తో గీతలు గీసి, ఆ గీతల మధ్య 45 డిగ్రీల వాలు దించాలి. ఆ వాలుకు వచ్చిన రెండు కొత్త మూలల్ని మళ్లీ కొద్దికొద్దిగా కొట్టేయాలి. అప్పుడు 120 నంబరు ఎమరీ గుడ్డను అంగుళం వెడల్పు పట్టీగా చించి, రెండు చేతులతో బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగితే అంచు గుండ్రంగా కలిసిపోతుంది. అరచేతి వైపు నాలుగైదు మి.మీ. వ్యాసార్ధం దాకా వెళ్లవచ్చు. కొమ్ము కొసల దగ్గర రబ్బరు ఆనే అంచుకు కనీసం 2 మి.మీ. ఉండాలి.

రబ్బరు కట్టుకు కొస నుంచి 12 మి.మీ. కింద, కొమ్ముకు రెండు పక్కలా 5 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. లోతు గాడి తీశాను, గుండ్రటి ఆకురాయితో. గాడి పెదవులు కూడా పదును లేకుండా ఉండాలి. స్క్రూ క్లిప్పులు ఇష్టపడేవాళ్లకు ఎం4 మర కోసం 3.3 మి.మీ. రంధ్రం, కనీసం 8 మి.మీ. లోతు మర కావాలి. మర కోసే ట్యాప్‌ను అర చుట్టు ముందుకు తిప్పి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పోవాలి. నాకు గాడే నచ్చుతుంది, విడిభాగాలు లేవు, ఊడిపోయేదీ లేదు.

గీతలు పోగొట్టడానికి కాగితం నంబర్ల క్రమం ఇది: 120, 180, 240, 320, 400, 600. చదును భాగాలకు వాటర్ పేపరును చెక్క దిమ్మకు చుట్టి, వంపులకు రబ్బరు గొట్టం ముక్కకు చుట్టి రుద్దాలి. ఒక నంబరు నిలువుగా రుద్దితే తర్వాతిది అడ్డంగా రుద్దాలి. పాత గీతలు పూర్తిగా మాయమైతేనే ముందుకు. నంబరు మార్చేముందు ముక్కనూ చేతులనూ నీళ్లబకెట్‌నూ కడగాలి, లేకపోతే 120 రేణువు ఒకటి మిగిలి 400లో కొత్త గీత గీస్తుంది. 320 దగ్గర లోతైన గీత కనిపిస్తే 600తో దాన్ని చెరపలేరు, మళ్లీ 180కి వెళ్లాల్సిందే. ఆ ఒక్క గీత మీదే రుద్దితే అక్కడ గుంట పడి, వెలుగులో అలలా కనిపిస్తుంది.

అద్దంలా మెరిపించాలంటే 1000 దాకా వెళ్లి, బఫ్ చక్రానికి ముందు గోధుమరంగు ట్రిపోలీ పాలిష్, తర్వాత వేరే మెత్తటి గుడ్డ చక్రానికి తెల్ల పాలిష్ రాయాలి. చక్రం ముక్క మీద నుంచి అంచు వైపు జారిపోవాలి, అంచుకు ఎదురు రాకూడదు. పంగ ఖాళీలోకి చక్రం దూరిందంటే ఫ్రేమ్‌ను చేతిలోంచి లాగి విసిరేస్తుంది. ఆ చక్రం దగ్గర గ్లోవ్స్, వదులు చొక్కా చేతులు పనికిరావు. అదే యంత్రం మీద ఇనుము గ్రైండింగ్ కూడా చేస్తుంటే అల్యూమినియం పొడి తుడిచేదాకా ఆగాలి, ఎందుకంటే నిప్పురవ్వకు ఆ పొడి అంటుకుంటుంది. ఇంత చేసినా అద్దం మెరుపు వాడకానికి మంచిది కాదన్నదే నా అభిప్రాయం. చెమట చేతిలో జారుతుంది, ఎండలో కంట్లో కొడుతుంది. 400 దగ్గర ఆపి మెరూన్ రంగు స్కాచ్‌బ్రైట్‌తో ఒకే దిశలో రుద్దిన మసక మెరుగు చేతికి పట్టు ఇస్తుంది, పడే గీతల్నీ దాచుకుంటుంది.

రంగు కావాలంటే ఆనొడైజింగ్. జాబ్‌వర్క్ యూనిట్‌కు ఇస్తే సులువు. ఇంట్లో చేస్తే బ్యాటరీ యాసిడ్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లు కలిపితే లీటరుకు దాదాపు 200 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు. కళ్లద్దాలు, రబ్బరు గ్లోవ్స్, ఆరుబయట గాలి తప్పనిసరి, ఎందుకంటే హైడ్రోజన్ వస్తుంది. ఈ ఫ్రేమ్ ఉపరితలం రెండు చదరపు డెసిమీటర్ల లోపు, కాబట్టి రెండున్నర ఆంపియర్ల డీసీ, 12 నుంచి 15 వోల్టులు, 40 నిమిషాలు పెడితే పదిహేను మైక్రాన్ల చుట్టూ పొర వస్తుంది. తొట్టిలోని ఆమ్ల ద్రావణం 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మన ఎండాకాలంలో కొళాయి నీళ్లే 30 దాటతాయి, ఆ వేడిలో ఆమ్లం పొరను కరిగించేస్తుంది, చేత్తో తుడిస్తే సున్నంలా రాలుతుంది. తొట్టి చుట్టూ ఐసు నీళ్లు పెట్టడమే మార్గం. వేలాడదీసే తీగ అల్యూమినియందే కావాలి, రాగి తీగ ఆమ్లంలో మునగకూడదు. తీగ ఆనిన చోట పొర ఏర్పడదు, అందుకే దాన్ని రబ్బరు కట్టే గాడిలో బిగించాలి, ఆ మచ్చ కట్టు కింద దాగిపోతుంది. ముంచే ముందు సబ్బుతో కడిగి నీళ్లు పోసి చూడాలి. నీళ్లు చుక్కలుగా విడిపోకుండా పొరలా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. రంగు నీళ్లు 50-60 డిగ్రీల్లో పావుగంట, ఆ తర్వాత మరిగే డిస్టిల్డ్ వాటర్‌లో అరగంటకు తగ్గకుండా. ఆనొడైజింగ్ గీతల్ని దాచదు, ఇంకా ఎత్తి చూపుతుంది.

రబ్బరుకు సైకిల్ ట్యూబు వద్దు. అది ఎక్కువగా బ్యూటైల్ రబ్బరు, సాగుతుంది కానీ నెమ్మదిగా ముడుచుకుంటుంది. 0.7 మి.మీ. సహజ లేటెక్స్ షీటు నుంచి కొమ్ము వైపు 20, గుండు పెట్టే తోలు వైపు 12 మి.మీ. వెడల్పుతో పట్టీలు కోశాను. లాగే దూరం 80 సెం.మీ. అయితే కట్టుకూ తోలుకూ మధ్య 16 సెం.మీ. ఉంచాలి, అంటే అయిదు రెట్ల సాగుదల. ఈ కొలతకు రెండు గ్రాముల 8 మి.మీ. స్టీలు గుండు చక్కగా కుదురుతుంది. కళ్లద్దాలు లేకుండా ఒక్క గుండూ వదలవద్దు. గోడకో కొమ్ముకో తగిలిన స్టీలు గుండు తిరిగి ముఖం మీదికే వస్తుంది. గురికి పాత గుడ్డలు వేలాడదీసిన అట్టపెట్టె చాలు, పిట్టల వైపు వద్దు.

వాడుతూ ఉంటే రబ్బరు ఎక్కడ తెగుతుందో గమనించాలి. తోలు దగ్గర తెగితే అది మామూలు అరుగుదల, పట్టీలు మార్చుకోవడమే. కొమ్ము దగ్గర తెగితే తప్పు ఫ్రేమ్‌ది. గాడి పెదవో, గుండు తగిలి లేచిన చిన్న మొనో అక్కడ ఉంటుంది. దూదిని అంచు మీద లాగి చూస్తే దూది పోగు పట్టుకున్న చోటు దొరుకుతుంది. అక్కడ సన్న ఆకురాయితో మొన తీసి, 240, 400, 600 తిప్పి, ఆ తర్వాతే కొత్త పట్టీ కట్టాలి.