చక్కెర తగ్గించినా మఫిన్ మెత్తగా రావాలంటే: నా అనుభవం

నేను చాలాకాలంగా చేస్తున్న మఫిన్లలో 12 మఫిన్లకి 200 గ్రాముల చక్కెర పడేది. అంటే ఒక్కోదానిలో దాదాపు 17 గ్రాములు, నాలుగు టీస్పూన్ల పైమాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మనం విడిగా కలుపుకునే చక్కెర రోజువారీ కేలరీల్లో 10 శాతం లోపు ఉండాలి. దాన్ని 5 శాతానికి, అంటే సుమారు 25 గ్రాములకి తగ్గిస్తే ఇంకా మేలట. లెక్క వేస్తే పొద్దున్నే ఒక మఫిన్ తినేసరికి ఆ పాతికలో మూడింట రెండు వంతులు అయిపోతున్నాయి. పైగా పిండంతా మైదానే. కేక్‌ని కేక్ అనుకుని తింటే నాకేం పేచీ లేదు. దాన్నే బ్రేక్‌ఫాస్ట్ అని పిల్లల డబ్బాలో పెడుతున్నప్పుడే మనసొప్పలేదు.

అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది ఎందుకు పాడైందో తెలియదు. అందుకని ముందు పిండి సంగతి తేల్చుకుని, తర్వాతే చక్కెర జోలికి వెళ్ళాలనుకున్నాను.

మైదాలో గోధుమ గింజ లోపలి తెల్లని భాగం మాత్రమే ఉంటుంది. జల్లించని గోధుమ పిండిలో పొట్టు, మొలక భాగం కూడా ఉంటాయి. పీచు, విటమిన్లు ఎక్కువగా ఉండేది వాటిలోనే, బేకింగ్‌లో తిప్పలు పెట్టేదీ అవే. పొట్టు నీటిని బాగా పీల్చుకుంటుంది, అదీ నిదానంగా. కలిపినప్పుడు సరిగ్గానే కనిపించిన పిండి ఓవెన్‌లోకి వెళ్ళాక తడి చాలక, మఫిన్ పొడిపొడిగా రాలిపోతుంది. దానికితోడు పొట్టు ముక్కలు గ్లూటెన్ (గోధుమలో ఉండే సాగే ప్రోటీన్) పోగుల్ని తెంచేస్తుంటాయి కాబట్టి మైదా మఫిన్ అంత ఎత్తుగా పొంగదు. సగం మైదా, సగం గోధుమ పిండితో మొదలుపెడితే తేడా పెద్దగా తెలియలేదు. మొత్తం గోధుమ పిండి వేసినప్పుడు మాత్రం పాలు, పెరుగు కాస్త పెంచక తప్పలేదు. పిండి మామూలుగా కంటే పలచగా, గరిటెజారుగా ఉండాలి. అలా కలిపాక ఒక పది నిమిషాలు కదపకుండా వదిలేస్తే పొట్టు నానుతుంది, పంటికింద గరుకు తగ్గుతుంది. అంతకంటే ఎక్కువసేపు ఆపను. పెరుగు తగలగానే వంట సోడా గ్యాస్ వదలడం మొదలుపెడుతుంది, ఆలస్యమైతే ఆ పొంగు గిన్నెలోనే ఖర్చయిపోతుంది.

నాకు బాగా నచ్చిన మార్పు ఓట్స్. పిండిలో మూడో వంతు ఓట్స్ వేసి, వాటిని ముందుగా పెరుగులో అరగంట నానబెడతాను. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు ఉంటుంది. అది జిగురుగా మారి తడిని పట్టి ఉంచుతుంది, మఫిన్ మర్నాటికి కూడా ఎండిపోదు. బార్లీ పిండి కూడా కొంచెం కలిపి చూశాను, రుచి బాగుంది. కానీ పిండిలో పావు వంతు దాటితే మఫిన్ బరువుగా, నొక్కుకుపోయినట్టు వస్తోంది.

గోధుమ పొట్టులో కొంచెం వగరు ఉంటుంది. చక్కెర ఎక్కువగా ఉన్నంతకాలం అది బయటపడలేదు, తగ్గించగానే తెలిసింది. పాలలో రెండు మూడు చెంచాలు తగ్గించి ఆ మేరకు నారింజ రసం పోస్తే వగరు చాలావరకు పోయింది. నారింజ రుచి మాత్రం తెలియదు, నాకూ అదే కావాలి.

అసలు పని చక్కెర దగ్గర పడింది. చక్కెర తీపి కోసమే అనుకుంటాం గానీ మఫిన్‌లో దానికి చాలా పనులున్నాయి. నీటిని పట్టి ఉంచుతుంది, గ్లూటెన్ బిగుసుకుపోకుండా ఆపి లోపలి భాగాన్ని మెత్తగా ఉంచుతుంది, పైన బంగారు రంగు తెస్తుంది. అందుకే చక్కెరని సగానికి తగ్గిస్తే తీపి మాత్రమే తగ్గి ఊరుకోదు. మఫిన్ రంగు రాక తెల్లగా ఉండిపోయి, కాస్త రబ్బరులా సాగుతుంది. ఆ పనుల్ని ఇంకెవరికైనా అప్పగించాలి.

తడి, తీపి రెండింటినీ బాగా మాగిన అరటిపండు చూసుకుంది. తొక్క మీద నల్లమచ్చలు వచ్చేసరికి పండులోని పిండిపదార్థం చాలావరకు చక్కెరగా మారిపోయి ఉంటుంది. పచ్చిగా ఉన్న పండుతో ఈ పని జరగదు. మెత్తదనం కోసం వెన్న మానేసి నూనె వాడుతున్నాను. చల్లారాక వెన్న గడ్డకడుతుంది, నూనె గడ్డకట్టదు, ఆ తేడా తినేటప్పుడు తెలుస్తుంది. దాల్చినచెక్క పొడి, వెనిలా వేస్తే లేని తీపి కూడా ఉన్నట్టు అనిపిస్తుంది. చిటికెడు ఉప్పు మాత్రం మానొద్దు, అది లేకపోతే అంతా చప్పగా ఉంటుంది.

చక్కెర బదులు తేనె వేస్తే ఆరోగ్యమని చాలామంది సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోను. ఆరోగ్య సంస్థ లెక్కలో తేనె కూడా చక్కెర కిందికే వస్తుంది. తీపి ఎక్కువ కాబట్టి కొంచెం తక్కువ సరిపోతుంది, అంతవరకే లాభం. తేనె వేస్తే ద్రవం తగ్గించాలి, పైభాగం త్వరగా మాడుతుంది కాబట్టి ఓవెన్ వేడి కూడా ఓ 15 డిగ్రీలు తగ్గించాలి. రుచి కోసం వేసుకోండి, పుణ్యం కోసం కాదు.

తగ్గించడం కూడా కొంచెం కొంచెంగానే చేశాను. 200 నుంచి 150కి, తర్వాత 100కి. 150 దగ్గర ఇంట్లో ఎవరూ గమనించలేదు. 100 దగ్గర మా చిన్నమ్మాయి ఒక ముక్క కొరికి, "అమ్మా, చక్కెర వేయడం మర్చిపోయావా?" అంది. అయినా రెండోది కూడా తినేసింది కాబట్టి దాన్ని ఫిర్యాదుగా తీసుకోలేదు. నాలుక అలవాటు పడ్డాక 75 గ్రాముల దగ్గర ఆగాను, అంటే మఫిన్‌కి ఒకటిన్నర టీస్పూన్లు. ఇంకా తగ్గిస్తే తీపి సంగతి ఎలా ఉన్నా అది రొట్టెలా తయారవుతోంది.

ఇప్పుడు నేను చేసే 12 మఫిన్లకి గోధుమ పిండి 180 గ్రాములు, ఓట్స్ 90, పెరుగు 180, మాగిన అరటిపండ్లు రెండు, గుడ్లు రెండు, నూనె 80 మిల్లీలీటర్లు, చక్కెర 75 గ్రాములు పడతాయి. బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు, సోడా అర టీస్పూన్, దాల్చినచెక్క పొడి ఒక టీస్పూన్, ఉప్పు, వెనిలా. గట్టిగా ఉందనిపిస్తే కొన్ని పాలు. పొడివన్నీ ఒక గిన్నెలో, తడివన్నీ ఇంకో గిన్నెలో కలుపుకుని, రెండింటినీ చివర్లో గరిటెతో పదిహేనుసార్లు తిప్పితే చాలు. అక్కడక్కడా ఉండలు కనిపించినా వదిలేయాలి. నున్నగా వచ్చేదాకా కలిపితే గ్లూటెన్ బిగుసుకుని లోపల సొరంగాల్లాంటి రంధ్రాలు పడతాయి. అక్రోట్ ముక్కలు వేసుకుంటే ఇంకా బాగుంటుంది.

ఓవెన్‌ని ముందుగా 220 డిగ్రీల సెల్సియస్‌కి వేడి చేసి, మఫిన్లు లోపల పెట్టి అయిదు నిమిషాలయ్యాక తలుపు తెరవకుండానే 180కి తగ్గిస్తాను. మొదట తగిలే గట్టి వేడికి పైభాగం చకచకా ఎత్తుకు లేస్తుంది. మరో 13 నుంచి 15 నిమిషాలకి ఉడుకుతాయి. చక్కెర తక్కువ కాబట్టి రంగు చూసి నిర్ణయించొద్దు, రంగు వచ్చేదాకా ఉంచితే ఎండిపోతాయి. పుల్ల గుచ్చితే తడి పిండి అంటకుండా రావాలి, ఒకటి రెండు పొడి రేణువులు అంటినా పరవాలేదు.

ఒక ఇబ్బంది మాత్రం పోలేదు. చక్కెర తక్కువ ఉన్న మఫిన్లు త్వరగా పాడవుతాయి, బయట రెండు రోజులకి మించి ఉంచడం లేదు. చల్లారాక మిగిలినవన్నీ ఫ్రీజర్‌లో పెట్టేస్తున్నాను, రెండు నెలల దాకా బాగానే ఉంటున్నాయి. తినేముందు ఓవెన్‌లో పది నిమిషాలు వేడిచేస్తే చాలు. గోధుమ పిండి కూడా అంతే, మొలక భాగంలోని నూనె వల్ల త్వరగా ముక్కవాసన వస్తుంది. అందుకే ఒకేసారి ఎక్కువ కొనకుండా, ఉన్నదాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచుతున్నాను.