మింగింది కక్కించే బొమ్మ

విజయనగరంలో గంటస్తంభానికి నడిచి వెళ్లేంత దూరంలో మాకో చిన్న ఫ్లెక్సీ షాపు ఉంది. పైడితల్లమ్మ సిరిమాను పండగ వచ్చిందంటే మిషను రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. ఫొటో తెచ్చే ప్రతి నాయకుడి మనిషీ మొదట అనే మాట "తమ్ముడూ, కాస్త తెల్లగా కొట్టు". రెండో మాట గెడ్డం కింద వేలాడే కండ గురించి. పన్నెండేళ్లుగా నా బతుకు ఇదే, ఉన్న ముఖాన్ని లేని ముఖంగా మార్చడం. అలాంటివాణ్ని, మార్చిలో పనుల్లేని రోజుల్లో కూర్చుని 1780ల నాటి లండన్ వ్యంగ్య చిత్రాలు చూడ్డం మొదలుపెట్టి రెండు నెలలు వాటిలోంచి బయటికి రాలేకపోయాను. అక్కడా ముఖాలు మార్చడమే పని, కాకపోతే పూర్తిగా రివర్సులో.

ముందు ఆ బొమ్మ ఎలా తయారయ్యేదో చెప్తాను, ఎందుకంటే నాకు అదే ఎక్కువ నచ్చింది. నున్నగా తోమిన రాగి రేకు తీసుకుని దానిమీద మైనం, గుగ్గిలంలాంటివి కలిపిన పూత వేసేవారు. కొవ్వొత్తి పొగ పట్టిస్తే ఆ పూత నల్లబడుతుంది. ఆ నలుపు మీద సూదితో బొమ్మ గీస్తే, గీసిన చోటల్లా పూత లేచిపోయి ఎర్రటి రాగి బయటపడుతుంది. తర్వాత నైట్రిక్ యాసిడ్ పోస్తారు, పూత లేని చోట యాసిడ్ రాగిని తినేస్తుంది. పూత కడిగేసి, ఆ గాళ్లలోకి సిరా కూరి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేసి, తడి కాగితం పరిచి రెండు రోలర్ల మధ్య నొక్కితే బొమ్మ కాగితం మీదికి దిగుతుంది. రంగులు మాత్రం మనుషులు కుంచెతో ఒక్కో కాగితానికీ వేయాల్సిందే. మేం ఒక బటన్ నొక్కి వంద అడుగులు కొట్టేస్తాం కదా, దాని ముందు ఇది నిజంగా ఒళ్లొంచిన పని.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. రేకు మీద గీసింది కాగితం మీద తిరగబడుతుంది, అంటే అక్షరాలన్నీ అద్దంలో కనిపించినట్టు రాయాలి. ఆ బొమ్మల్లో ఏమో నోట్లోంచి బుడగలు, బుడగల నిండా మాటలు, జెండాల మీద మాటలు, అడుగున శీర్షిక, తేదీ, అమ్మే షాపు చిరునామా! ఆ కష్టమేంటో నాకు తెలుసు. మా పెదనాన్న రబ్బరు స్టాంపులు చేసేవారు. నా పదిహేనో ఏట ఆయన ఊళ్లో లేని రోజు ఒక బడి వాళ్లు అర్జెంటని వస్తే, "ప్రధానోపాధ్యాయులు" అని బ్లేడుతో రబ్బరు మీద నీటుగా, సూటిగా చెక్కి ఇచ్చేశాను. తిరగేసి చెక్కాలన్న సంగతే తట్టలేదు. మర్నాడు ఆ హెడ్మాస్టారు స్వయంగా వచ్చి, మాట్లాడకుండా ఒక కాగితం మీద ఠప్పున గుద్ది నా ముందు పెట్టి నిలబడ్డారు. తిట్టినా బాగుండేది.

సరే, అసలు విషయానికొస్తాను. విలియం హోగార్త్ ఈ బొమ్మల వ్యాపారానికి ఒక దారి వేసినవాడు. తన బొమ్మలు కాపీ కొట్టి అమ్ముకుంటున్నారని పోరి 1735లో పార్లమెంటు చేత ఒక చట్టమే చేయించుకున్నాడు, చెక్కినవాడికి 14 ఏళ్ల హక్కు. తర్వాతి తరంలో జేమ్స్ గిల్రే, థామస్ రోలాండ్‌సన్, జేమ్స్ సేయర్స్ లాంటివాళ్లు వచ్చారు. వీళ్లలో గిల్రే రాక్షసుడు. లావు మనిషిని పీపాలా, సన్నటివాణ్ని పుల్లలా చేయడం ఎవడైనా చేస్తాడు, ఇతను మాత్రం ఆ మనిషి లోపల దాచుకున్న బుద్ధిని పట్టుకుని దాన్నే ముక్కుగా, దాన్నే పొట్టగా గీసేస్తాడు. నెపోలియన్ అనగానే ఈరోజుకీ మనకి పొట్టివాడే గుర్తొస్తాడు. నిజానికి ఆ కాలానికి అతనిది మామూలు ఎత్తే, పొట్టి చేసింది చాలావరకు గిల్రే చెయ్యి.

గిల్రే బొమ్మలు అమ్మింది హన్నా హంఫ్రీ అనే ఆవిడ. ఆవిడ షాపు పైనే అతని కాపురం, బొమ్మలు కింద షాపు కిటికీ అద్దాల వెనక అతికించేవారు. రంగుల కాగితం ఒకటి షిల్లింగో రెండో ఉండేది, అంటే లండన్ కూలివాడి రోజు కూలిలో పెద్ద ముక్క పోయినట్టే. కాబట్టి కొన్నవాళ్లు డబ్బున్నవాళ్లు, చాలాసార్లు ఆ బొమ్మల్లో ఉన్నవాళ్లే. మిగతా జనం కిటికీ ముందు గుంపుగా నిలబడి ఊరికే చూసి నవ్వుకునేవారు. కొన్ని షాపులు బొమ్మల పుస్తకాలు ఒక సాయంత్రానికి అద్దెకి కూడా ఇచ్చేవి, మన వీడియో క్యాసెట్ల రోజుల్లాగన్నమాట. పేదవాడి కోపమంతా ఈ బొమ్మల్లో ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇది వ్యాపారం. 1797 నుంచి గిల్రే ప్రభుత్వం దగ్గర ఏడాదికి 200 పౌండ్లు గుట్టుగా పుచ్చుకున్నాడు కూడా. అందుకని అతని చెయ్యి తక్కువదైపోతుందా అంటే, కాదు. నేనూ రెండు పార్టీల ఫ్లెక్సీలూ ఒకే రోజు ఒకే మిషన్లో కొడతాను మరి.

జార్జ్ కానింగ్ అనే కుర్ర నాయకుడి సంగతి చదివి నేను ఒక్కణ్నే షాపులో పడి పడి నవ్వాను. గిల్రే ఇంకా తన బొమ్మ వేయడం లేదేమిటా అని అతనికి బెంగ, స్నేహితుడి ద్వారా సిఫార్సు కూడా చేయించుకున్నాడు. చివరికి 1796లో గిల్రే కరుణించాడు. ఫ్రెంచివాళ్లు లండన్ మీద పడితే ఎలా ఉంటుందో చూపించే పెద్ద బొమ్మలో, వెనకాల దీపస్తంభానికి ఉరేసి వేలాడదీసిన చిన్న మనిషిగా! ఫ్లెక్సీ అడుగున వరసగా వేసే గుండ్రటి తలకాయల్లో తన తల లేదని అర్ధరాత్రి ఫోన్ చేసి నానా మాటలన్న మనిషి నాకు తెలుసు కాబట్టి కానింగ్ బాధ నాకు బాగా అర్థమైంది. అందులో ఉండటమే ముఖ్యం, ఎలా ఉన్నామన్నది తర్వాత.

ఇక నన్ను రెండు నెలలు కట్టిపడేసిన బొమ్మ. అది 1783 నాటిది, పేరు "ద నబాబ్ రంబుల్డ్", గిల్రేదే. ఇండియా వచ్చి కోట్లు మూటగట్టుకుని తిరిగెళ్లిన ఇంగ్లీషువాళ్లని అక్కడి జనం ఎకసెక్కంగా నబాబులు అనేవారు. ఈ నబాబు సర్ థామస్ రంబోల్డ్, మద్రాసు గవర్నరుగా చేసినవాడు. బొమ్మలో అతను బళ్లున నాణేలు కక్కుతుంటాడు, పక్కనే అతని మీద పార్లమెంటులో కేసు నడిపిన హెన్రీ డండాస్. మనం "తిన్నదంతా కక్కించాలి వీడిచేత" అంటాం చూడండి, దాన్ని మాట మాటగా బొమ్మ గీసేశాడు లండన్‌లో కూర్చుని.

రంబోల్డ్ ఎవడో మనకెందుకు అనుకున్నాను మొదట. తీరా చూస్తే తీగ మా ఊరి కోట దాకా వచ్చింది. 1778లో అతను గవర్నరుగా వచ్చీ రాగానే, ఉత్తర సర్కారుల్లో తిరిగి లెక్కలు విచారించాల్సిన కమిటీని రద్దు చేసి, జమీందార్లనే మద్రాసు రమ్మని హుకుం జారీ చేశాడు. ఇక్కడినుంచి మద్రాసు ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే, రైలు లేదు, రోడ్డు లేదు. అప్పట్లో విజయనగరం గద్దె మీద విజయరామరాజు, వెనక ఉండి చక్రం తిప్పుతున్నది అన్న సీతారామరాజు. రాజుకి ఇష్టం లేకపోయినా అతన్నే దివానుగా ఒప్పుకునేలా మద్రాసులో రంబోల్డ్ ఒత్తిడి పెట్టాడు. ఊరికే చేశాడా, చేతులు తడిశాయా అన్నదే తర్వాత లండన్‌లో రేగిన గొడవల్లో ఒకటి. 1781లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు అతన్ని తీసేశారు, 1782లో పార్లమెంటులో శిక్షకి బిల్లు పెట్టారు, అది సాగి సాగి చల్లారిపోయింది. కక్కింది బొమ్మలోనే తప్ప బయట కాదన్నమాట. విజయరామరాజు మాత్రం కంపెనీతో పేష్కషు (కట్టాల్సిన కప్పం) గొడవ ముదిరి 1794 జూలై 10న పద్మనాభం దగ్గర యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్నాడు.

అదే 1783 డిసెంబరులో సేయర్స్ ఇంకో బొమ్మ వేశాడు, చార్లెస్ ఫాక్స్ కంపెనీని పార్లమెంటు గుప్పిట్లోకి తేవాలని బిల్లు పెట్టినప్పుడు. ఫాక్స్ మొగలు పాదుషా వేషంలో ఏనుగెక్కి కంపెనీ ఆఫీసుకి ఊరేగుతుంటాడు, ఏనుగు ముఖం అతని తోటి మంత్రి లార్డ్ నార్త్‌ది. బిల్లు ప్రభువుల సభలో ఓడిపోయింది, మంత్రివర్గం కూలింది. సభలో తిట్ల కంటే సేయర్స్ బొమ్మలే తన కొంప ముంచాయని ఫాక్స్ వాపోయాడని చెబుతారు. ఫాక్స్ పోయాక ప్రధానమంత్రి అయిన పిట్ సేయర్స్‌కి ఉద్యోగం ఇచ్చాడు. ఏనుగుంది, పాదుషా ఉన్నాడు, కానీ ఆ బిల్లుతో బతుకులు మారే మనుషులు ఒక్కరూ లేరు ఆ బొమ్మలో. నాకు ఈ రెండు బొమ్మల్లోనూ గుచ్చుకున్నది అదే.

మొన్న రంబోల్డ్ బొమ్మని ఫ్లెక్సీ ముక్క మీద మూడడుగుల సైజులో కొట్టి గోడకి తగిలించాను. పెదనాన్నకి డెబ్భై ఎనిమిదేళ్లు, సాయంత్రాలు వచ్చి షాపులో కూర్చుంటారు. కళ్లజోడు పైకెత్తి చాలాసేపు చూశారు.

"ఏట్రా ఈడు, వాంతులు సేసుకుంతన్నాడా?"

"డబ్బులు పెదనాన్నా."

"ఎవల డబ్బులు?"

"మనవి కూడా ఉన్నాయి."

కథంతా చెప్పాను. విన్నారో లేదో తెలీదు, కుర్చీ గోడ దగ్గరికి జరుపుకుని, రంబోల్డ్‌ని వదిలేసి రాతల దగ్గర వేలు పెట్టారు. "ఇవన్నీ తిరగేసి చెక్కినవేనా?"

"ఆఁ."

"ఎన్నేళ్లుంతాయి ఆడికి?"

"అప్పటికి ఇరవై ఆరు."

వేలు అక్షరాల వెంట కుడినుంచి ఎడమకి మెల్లగా జరిగింది, రబ్బరు మీద చెక్కేటప్పుడు జరిగినట్టే. "నీకన్నా నయమే" అన్నారు.