బర్క్ అనని మాట, తిక్కన అన్న మాట

"చెడు గెలవాలంటే మంచివాళ్లు ఏమీ చేయకుండా ఉంటే చాలు." ఇక్కడ కెనడాలో, బడుల గోడల మీద తరచూ కనిపించే మాట ఇది. కింద పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ రాజకీయ నాయకుడు, ఆలోచనాపరుడు ఎడ్మండ్ బర్క్ పేరు ఉంటుంది. మేముండే రాజధాని ఒటావాకూ దీనితో సంబంధం ఉంది. 1961 మే నెలలో అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీ ఇక్కడి పార్లమెంటులో మాట్లాడుతూ దీన్ని బర్క్ మాటగానే చెప్పారు. మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకు ఈ వాక్యాన్నే ఎంచుకుంది.

తీరా వెతికితే బర్క్ రచనల్లో ఆ వాక్యమే లేదు. 1770లో రాసిన ఒక పుస్తకంలో ఆయన అన్నది వేరు: చెడ్డవాళ్లు జట్టు కట్టినప్పుడు మంచివాళ్లూ ఒక్కటి కావాలి, లేకపోతే ఒక్కొక్కరుగా కూలిపోతారు. అది రాజకీయ పక్షాల అవసరం గురించిన వాదన. 1867లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ చెప్పినది ఈ వాక్యానికి ఇంకా దగ్గరగా ఉంది: మంచివాళ్లు చూస్తూ ఊరుకుంటే చాలు, చెడ్డవాళ్ల పని నెరవేరిపోతుంది. కానీ గోడల మీద మిల్ పేరు లేదు.

ఇదంతా చూస్తుండగా అమ్మాయి ఒక మాట అంది. "ఇలాంటివి వీళ్లే చెప్తారు కదమ్మా. మనవాళ్లయితే మనకెందుకులే అంటారు."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. వీసా, ఉద్యోగం, ఇంటి అప్పు టెన్షన్ల మధ్య "నువ్వు తల దూర్చకు" అని పిల్లలకు చెప్పే తెలుగు ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. ఆ భయానికి కారణాలు ఉన్నాయి, వాటిని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ధైర్యం బడి నేర్పేది, భయం ఇల్లు నేర్పేది అని పిల్ల నమ్మితే మాత్రం ఒప్పుకోలేను.

అందుకే తిక్కన ఉద్యోగపర్వం తీశాను. కృష్ణుడు రాయబారిగా కౌరవసభలో చెప్పే "సారపు ధర్మమున్ విమల సత్యము" పద్యం ఇద్దరం కలిసి చదివాం. ధర్మం పాపం చేత, సత్యం అబద్ధం చేత చెడిపోతుంటే "దక్షులెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు" అంటాడు. ఆపగలిగీ ఊరుకున్నవాళ్లకే చేటు, ధర్మాన్ని నిలబెట్టడానికి దైవం ఉంది అని. భీష్ముడు, ద్రోణుడు కూర్చున్న సభలో చెప్పిన మాట అది. ఊరుకుంటే చెడు గెలుస్తుందని మిల్ హెచ్చరిక. ఊరుకుంటే నువ్వే చెడతావని తిక్కన హెచ్చరిక. పదమూడో శతాబ్దంలో తెలుగులో ఇంత సూటిగా చెప్పినవాడు ఉన్నాడని మా పిల్లకు తెలియడం నాకు చాలా ముఖ్యం.

మనవైపూ పేర్లు తారుమారవుతాయని కూడా చెప్పాను. "చెల్లియో చెల్లకో" పద్యాన్ని చాలామంది భారతంలోదే అనుకుంటారు. అది తిరుపతి వేంకట కవులు నాటకానికి రాసింది. వేమన మకుటం తగిలించుకుని తిరిగే పద్యాల సంగతి సరేసరి. బర్క్‌ను పరీక్షించిన చేత్తోనే మనవాళ్లనూ పరీక్షించాలి.

చివరికి ప్రాజెక్టులో బర్క్ పేరు కొట్టేసి మిల్ అసలు వాక్యం, సంవత్సరంతో సహా రాసింది. పక్కనే తిక్కన పద్యం తెలుగు లిపిలో, కింద తన మాటల్లో అర్థం. ఇప్పుడు "నువ్వు కోరే మార్పు నువ్వే కావాలి" అనే గాంధీ గారి మాట వంతు. 1913లో ఆయన దక్షిణాఫ్రికాలో నడిపిన ఇండియన్ ఒపీనియన్ పత్రికలో రాసిన వ్యాసం దొరికింది. మనం మారగలిగితే లోకం పోకడా మారుతుందన్న భావం అందులో ఉంది, ఆ వాక్యం మాత్రం లేదు. దాన్ని చదువుతున్నాం.