తోపుడు బండి మీద మైక్ సెట్టు

ఇసుకతోట జంక్షన్ ఇంకో రెండొందల మీటర్లుందనగా మా మైకు గొంతు బొంగురుపోవడం మొదలైంది. ముందు మా భజన పాడే మాష్టారికే జలుబు చేసిందేమో అనుకున్నా, నిజంగానే, ఎందుకంటే మధ్యాహ్నం రెండింటి నుంచీ ఆయన పాడుతూనే ఉన్నారు. తర్వాత చూస్తే ఢోలక్ మీద దెబ్బ పడినప్పుడల్లా యాంప్లిఫయర్ ముందున్న ఎర్ర లైటు కూడా దాంతో పాటే మినుక్కుమంటోంది, దెబ్బకోసారి, తాళం తప్పకుండా. ఇంకో నిమిషానికి హారన్లలోంచి, అదే గరాటు స్పీకర్లలోంచి, టప్ మని ఒక చప్పుడు, అంతే. చుట్టూ వేలమంది జనం, గోవిందలు, మధ్యలో మా తోపుడు బండి, దాని మీద మూగబోయిన మైక్ సెట్టు. మాష్టారు మాత్రం ఆపలేదు, మైకు బండి మీద పడేసి మామూలు గొంతుతోనే ఎత్తుకున్నారు.

వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. ఇది సింహాచలం గిరి ప్రదక్షిణ సంగతి. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు తొలిపావంచా, అంటే కొండ కింద మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, వెంకోజీపాలెం, ఇసుకతోట, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ తిరిగి మళ్ళీ కొండ కిందకే రావాలి, మొత్తం 32 కిలోమీటర్లు. మా వీధి భజన బృందం పద్నాలుగు మందిమి. పాడేవాళ్ళకి దేవుడున్నాడు, సౌండు మాత్రం నా నెత్తిన పడింది, ఇంట్లో ఫ్యాను రిపేరు చేశానని తెలిసిన పాపానికి.

మొదటి ఏడాది చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇంట్లో కరెంటు పోతే వాడే ఇన్వర్టరు, దాని 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) ట్యూబులర్ బ్యాటరీ, రెండూ పీకి బండెక్కించేశాం. ఆ బ్యాటరీ ఒక్కటే యాభై కిలోల పైన ఉంటుంది, పైగా రెండు పెద్ద స్పీకర్ బాక్సులు, ఇంక తోసేవాళ్ళ సంగతి చూడండి. హనుమంతవాక వైపు ఎత్తుపల్లాల్లో బండి వాలినప్పుడల్లా బ్యాటరీ మూతల దగ్గర్నుంచి తడి కారింది, నీళ్ళే కదా అని మా బాబాయ్ పంచె కొంగుతో తుడిచేశాడు. అప్పుడేం అవ్వలేదు. ఇంటికొచ్చాక పిన్ని ఆ పంచె ఉతికి జాడిస్తే కొంగు జల్లెడైపోయి చేతిలోకొచ్చింది. యాసిడ్ తగిలిన నూలుగుడ్డ అలాగే ఉంటుంది, ఆరినప్పుడు బాగానే కనిపిస్తుంది, ఉతికితే ఊడిపోతుంది. ఆ పంచె గురించి పిన్ని ఇప్పటికీ నన్నే అంటుంది.

సరే, బరువు పక్కన పెట్టండి, ఆ రోజంతా బాక్సుల్లో గుయ్యిమని ఒకటే రొద. మా ఇన్వర్టరు చవకరకం, స్క్వేర్ వేవ్ ది, అంటే కరెంటు నున్నగా కాకుండా మెట్లుమెట్లుగా ఇచ్చేది, దాంతో ఫ్యాను తిరిగినా గుయ్యిమంటుంది, ఇంక యాంప్లిఫయర్ సంగతి అడగాలా. అది చాలదన్నట్టు ఆ ఇన్వర్టరు పాట లేనప్పుడు కూడా ఊరికే కూర్చుని కరెంటు తాగుతూనే ఉంటుంది.

తర్వాత కొన్నాళ్ళకి ఎన్నికల ప్రచారం ఆటో ఒకటి మా వీధిలో టీకొట్టు దగ్గర ఆగింది. టాపు మీద రెండు హారన్లు, ఒకటి ముందుకి ఒకటి వెనక్కి. లోపల సీటు కింద ఒక కారు బ్యాటరీ, దాన్నుంచి రెండు వైర్లు సూటిగా యాంప్లిఫయర్ వెనక్కి. ఇన్వర్టర్ ఏదన్నా అని అడిగితే ఆ అన్న నన్ను పైకీ కిందకీ చూసి "ఏటి సార్, బ్యాటరీ పన్నెండే, మిషినూ పన్నెండు తీసుకుంటాది, మజ్జిన అదెందుకు" అన్నాడు. ఇంటికెళ్ళి మా పాత అహుజా కంపెనీ యాంప్లిఫయర్ తిప్పి చూశాను. వెనక ఎర్రదీ నల్లదీ రెండు టెర్మినల్స్, పక్కన 12 వోల్ట్ డీసీ అని అచ్చు వేసి ఉంది. రెండేళ్ళుగా దాని మీద దుమ్ము తుడుస్తున్నా, చదవలేదు. అంటే 12ని 230 చేయడానికి కొంత తగలేసి, ఆ 230ని యాంప్లిఫయర్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ కిందకి దించడానికి ఇంకొంత తగలేసి, ఆ దుబారాకోసం యాభై కిలోలు తోసుకుంటూ కొండ చుట్టూ తిరిగామన్నమాట.

హారన్లకి మారడం దగ్గర ఇంట్లో పెద్ద గొడవే అయింది, హారన్ అంటే రేకు సౌండు అని మాష్టారికి అస్సలు పడదు. ఆయనన్నదీ నిజమే, కింది స్వరాలు అందులో రావు, హార్మోనియం పల్చగా వినిపిస్తుంది. కానీ లెక్క చూడండి. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత సౌండు వస్తుందో స్పీకర్ కాగితం మీద రాసుంటుంది. మా బాక్సు 94 డెసిబెల్స్, హారన్ 106. పన్నెండే కదా తేడా అనిపిస్తుంది గానీ ప్రతి 3 డెసిబెల్స్‌కీ పవర్ రెట్టింపు కావాలి, అంటే నాలుగుసార్లు రెట్టింపు, పదహారు రెట్లు. హారన్ 10 వాట్లతో చేసే పనికి బాక్సుకి 160 వాట్లు పొయ్యాలి. గదిలో అయితే గోడలు సాయం చేస్తాయి, రోడ్డు మీద గోడల్లేవు, దూరం రెట్టింపైతే సౌండు 6 డెసిబెల్స్ పడిపోతుంది, అంతే. బ్యాటరీ మీద బతికేవాడికి హారన్ కంటే చుట్టం లేడు. మా రెండు హారన్ల యూనిట్లూ 16 ఓమ్స్‌వి (ఓమ్ అంటే కరెంటుకి అడ్డంకి కొలత), రెండూ ప్యారలల్‌గా కలిపితే 8, యాంప్లిఫయర్ 8 ఓమ్స్ పాయింటుకి ఇచ్చేశాం.

ఇంత చేసీ రెండో ఏడాది ఇసుకతోట దగ్గర ఎందుకు ఆగిపోయింది అంటే, అక్కడికే వస్తున్నా. ఆ రాత్రి నేను బ్యాటరీ కొట్టువాణ్ణి తిట్టని తిట్టు లేదు, కొత్త 65 ఏహెచ్ అని చెప్పి పాతది అంటగట్టాడని బాబాయ్ దగ్గర, మాష్టారి దగ్గర, దారిలో మజ్జిగ ఇచ్చినాయన దగ్గర కూడా చెప్పాను. మర్నాడు ఇంట్లో మళ్ళీ అన్నీ కలిపి, ఫోన్లో భజన పెట్టి, వోల్టులు కొలిచే మల్టీమీటరు పట్టుకున్నా. పాట గట్టిగా నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్స్ మీద 12.3. బాగానే ఉందే అనుకుని అవే పిన్నులు తీసుకెళ్ళి యాంప్లిఫయర్ వెనక ఎర్రదానికీ నల్లదానికీ ఆనించా. 10.6! మధ్యలో వోల్టున్నర పైన ఎక్కడికిపోయింది? చెయ్యి కిందకి జారి వైరుకి తగిలింది, గోరువెచ్చగా ఉంది.

వైరు ఏంటంటే ఇంట్లో మిగిలిన 1 స్క్వేర్ ఎంఎం హౌస్ వైరింగ్ వైరు, అయిదు మీటర్లు. బండి పొడవు రెండు మీటర్లు కూడా లేదు. మిగతాది కత్తిరించడానికి మనసొప్పక, రేపెప్పుడైనా పనికొస్తుందని, చుట్టలు చుట్టి టేపు వేసి పెట్టాను. కరెంటు పోవడానికి అయిదు, రావడానికి అయిదు, పది మీటర్ల సన్న రాగి, దాని అడ్డంకి 0.17 ఓమ్స్ దాకా ఉంటుంది, అందులో 10 ఆంపియర్లు పారితే 1.7 వోల్టులు వైరే మింగేస్తుంది. 230 వోల్టుల్లో 1.7 పోతే ఎవడికీ తెలీదు, 12లో 1.7 పోతే కొంప మునుగుతుంది. పైగా ఢోలక్ దెబ్బ పడిన క్షణం 15 ఆంపియర్లు లాగుతుంది, అప్పుడు యాంప్లిఫయర్‌కి పది వోల్టులు కూడా మిగలవు, అందుకే ఆ లైటు దరువేసింది. వైరు 6 స్క్వేర్ ఎంఎంది కొని, మీటరున్నరకి కత్తిరించి, చివర్లకి లగ్గులు, అంటే టెర్మినల్‌కి బిగించే లోహపు కొనలు, నొక్కించి బిగించాను. ఇప్పుడు బ్యాటరీ దగ్గరా యాంప్లిఫయర్ దగ్గరా దాదాపు ఒకటే చూపిస్తుంది. కొట్టాయన దగ్గరికెళ్ళి సారీ చెప్పలేదు గానీ డిస్టిల్డ్ వాటర్ మాత్రం ఇప్పటికీ ఆయన దగ్గరే కొంటున్నా.

ఫ్యూజు గురించి ఒక్కమాట. అంత లావు వైరు వేశాక అది పొరపాటున షార్టయితే బ్యాటరీ వందల ఆంపియర్లు కక్కుతుంది, వైరు ఎర్రగా కాలి బండే అంటుకుంటుంది. అందుకే ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోనే 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి, యాంప్లిఫయర్ దగ్గర పెడితే మధ్యలో వైరుని కాపాడేవాడుండడు. ఒకసారి నట్టు బిగిస్తుంటే స్పానరు జారి రెండు టెర్మినల్స్ మీదా అడ్డంగా పడింది, ఠప్ మని మెరుపు, స్పానరుకి చంద్రవంక లాగా ఒక ముక్క ఎగిరిపోయింది. అప్పట్నుంచి ప్లస్ మీద సైకిల్ ట్యూబు ముక్క తొడుగుతున్నా, చేతికి ఉంగరం తీసేస్తున్నా.

బ్యాటరీ ఎంతది కావాలి అని తెలిసినవాళ్ళు అడుగుతుంటారు, అందరూ వాట్లు చెప్తారు, వంద వాట్ల యాంప్లిఫయర్ అని. భజన పాటకి వంద వాట్లు ఎప్పుడోగానీ లాగదు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటుంది కదా, మాది సరాసరి 4 ఆంపియర్లు వస్తోంది. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది వరకు ఎనిమిది గంటలు, 32 ఏహెచ్. లెడ్ యాసిడ్‌ని సగం కంటే కిందకి దించితే దాని ఆయుష్షు మనమే తగ్గించినట్టు, కాబట్టి 65. పది తర్వాత ఎందుకు లెక్కెయ్యలేదంటే, శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన రూల్స్ ప్రకారం ప్రత్యేకంగా పర్మిషన్ ఉంటే తప్ప రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పదవగానే నేను స్విచ్ కట్టేస్తా, అక్కణ్ణుంచి తాళాలూ గొంతులే. నిజం చెప్పాలంటే నాకు ఆ భాగమే ఎక్కువ ఇష్టం, మాధవధార దాటాక జనం కాస్త పల్చబడి ఎవరి పాట వాళ్ళకి వినిపిస్తుంటుంది.

వైర్‌లెస్ మైకు కూడా ఒక ఏడాది ట్రై చేశాం. చవకది, ఫ్రీక్వెన్సీ మార్చుకునే వీలు లేనిది. అప్పూఘర్ దగ్గర మా హారన్లలోంచి ఉన్నట్టుండి ఎవరో ఆడవాళ్ళ కోలాటం పాట, మాష్టారు నోరు తెరిచి చూస్తున్నారు, ముందు వెళ్తున్న గుంపు దగ్గర కూడా అదే రకం మైకు ఉన్నట్టుంది. మన పాట వాళ్ళకి వెళ్ళిందో లేదో మరి. మర్నాటి నుంచి వైరు మైకే, మామూలు డైనమిక్ ది, దానికి కరెంటూ అక్కర్లేదు సెల్లూ అక్కర్లేదు.

పోయినేడాది లిథియం తీసుకున్నాం, ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం, 12.8 వోల్టులు 50 ఏహెచ్. బరువు ఆరేడు కిలోలు, 65 లెడ్ బ్యాటరీ మోసిన నడుముకి తెలుస్తుంది తేడా. మూతల్లేవు, యాసిడ్ లేదు, పిన్నికి కూడా నచ్చింది. కానీ దీనికొక దొంగబుద్ధి ఉంది. లెడ్ బ్యాటరీ దిగిపోతుంటే మైకు గొంతు మారి ముందే చెప్తుంది, ఇది చివరిదాకా 13 దగ్గర్లోనే చూపిస్తూ నవ్వుతూ ఉంటుంది, అయిపోగానే లోపలున్న బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, టక్కున కోసేస్తుంది. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. అందుకని ఎన్ని ఏహెచ్ వాడామో లెక్కపెట్టే చిన్న మీటరు ఒకటి మధ్యలో పెట్టాను, బండి పక్కన నడుస్తూ ఆటోలో మీటరు చూసినట్టు దాన్నే చూస్తుంటా. చార్జరు కూడా దానిదే వాడాలి, పాత ఇన్వర్టరుకి తగిలిస్తే కుదరదు.

వాన వస్తే యాంప్లిఫయర్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టేయకండి, మేం చుట్టాం, అరగంటలో హీట్‌సింక్ (వేడిని బయటికి వదిలే లోహపు భాగం) మీద చెయ్యి పెట్టలేకపోయాం. పైన గొడుగు కట్టి పక్కలు వదిలేస్తే చాలు. హారన్ల మూతి కాస్త కిందకి వంచితే నీళ్ళు నిలవవు.

ఇంక మిగిలింది ఢోలక్. కరెంటంతా గుటకలేసేది అదే అని మీటరు సాక్షిగా తేలింది కాబట్టి మూడో ఏడాది దాని మైకు తీసేద్దామన్నాను. చుట్టూ నడిచేవాళ్ళకి ఎలాగూ వినిపిస్తుంది, హారన్లో దాని సౌండు డబ్బా మీద కొట్టినట్టుంటుంది కూడా. వాయించేది మా బాబాయే. "ఒరేయ్, పద్దెనిమిదేళ్ళుగా వాయిస్తున్నాన్రా, నాకు మైకు లేదంటావా" అని రెండ్రోజులు మాట్లాడలేదు. సరే బాబాయ్ అని స్టాండు పెట్టి, మైకు ఢోలక్ ముందుకి వంచి, వైరు బండి కిందకి దించి, బ్యాటరీ పెట్టె వెనక్కి తోసి అక్కడే ముడేసి వదిలేశాను. ప్రదక్షిణ అయ్యాక గోశాల జంక్షన్ దగ్గర కూర్చుని కాళ్ళు నొక్కుకుంటూ అన్నాడు, "ఈసారి ఢోలక్ బ్రహ్మాండంగా వచ్చిందిరా, వైరు మార్చావ్ కదా, దాని మహిమే."