టీ రంగుల లెక్క: రంగు కాదు, కార్డు చూడండి

గోల్ఫ్‌లో ప్రతి హోల్ (జెండా ఉన్న గుంట దాకా ఆడే ఒక భాగం) మొదలుపెట్టే చోటును టీ అంటారు; ఒక్కో హోల్‌కు వేర్వేరు దూరాల్లో రంగు మార్కర్లు పెట్టిన టీలు చాలా ఉంటాయి. ఆట కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు మొదటి టీ దగ్గర ఎవరో ఒకరు చెప్పేస్తారు: "నీలం బాగా ఆడేవాళ్లకి, తెలుపు మగవాళ్లకి, ఎరుపు ఆడవాళ్లకి." ఆ మాట పట్టుకుని తమకు సరిపడని చోటు నుంచి ఏళ్ల తరబడి ఆడేవాళ్లు చాలామంది. నిజానికి గోల్ఫ్ నియమాల్లో టీ మార్కర్ల రంగు గురించి ఒక్క ముక్క కూడా లేదు. రెండు మార్కర్లు ఉండాలి, వాటి వెనక ఉన్న చోటు నుంచి హోల్ మొదలుపెట్టాలి, అంతే. ఏ రంగు ఎక్కడ పెట్టాలన్నది ఆ కోర్సు (గోల్ఫ్ మైదానం) వాళ్ల ఇష్టం.

అలవాట్లు మాత్రం ఉన్నాయి. అమెరికాలో సాధారణంగా అన్నిటికన్నా వెనక, అంటే గుంటకు దూరంగా, నలుపు, తర్వాత నీలం, మధ్యలో తెలుపు, దాని ముందు పెద్ద వయసువాళ్ల కోసం బంగారు రంగు, ముందు ఎరుపు ఉంటాయి. పిల్లలకు, కొత్తవాళ్లకు కొన్నిచోట్ల ఆకుపచ్చ. బ్రిటన్‌లో పద్ధతి వేరు: తెలుపు పోటీలకు, పసుపు రోజువారీ ఆటకు, ఎరుపు వాటి ముందు. అక్కడ చాలా క్లబ్బుల్లో బయటినుంచి వచ్చినవాళ్లను తెల్ల టీల మీదకు రానివ్వరు. ఈ అలవాట్లను కూడా నమ్ముకోలేం. కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ కోర్సులో నీలం వెనక ఉంటే బంగారు రంగు దాని వెంటనే ముందు, తెలుపు కన్నా వెనకే ఉంటుంది. బంగారు రంగు అంటే పెద్దవాళ్ల టీ అనుకుని వెళ్లినవాళ్లకు అక్కడ చుక్కలు కనిపిస్తాయి. న్యూయార్క్ దగ్గర బెత్‌పేజ్ స్టేట్ పార్క్‌కు వెళ్లే మనవాళ్లకు మరో మాట: అక్కడ బ్లాక్, రెడ్, బ్లూ, గ్రీన్, ఎల్లో అనేవి టీలు కావు, ఐదు వేర్వేరు 18 హోళ్ల కోర్సుల పేర్లు. బుకింగ్ చేసేటప్పుడే ఇది చూసుకోవాలి.

ఇంకో గందరగోళం కూడా ఇక్కడే తీర్చుకుందాం. ఫెయిర్‌వేలో (టీకి, గుంటకు మధ్య పొట్టిగా కత్తిరించిన గడ్డి దారిలో) కనిపించే ఎరుపు, తెలుపు, నీలం బిళ్లలకూ టీలకూ సంబంధం లేదు. అవి చాలా కోర్సుల్లో గ్రీన్‌కు (గుంట చుట్టూ ఉన్న నున్నని గడ్డికి) 100, 150, 200 గజాల దూరాన్ని చెబుతాయి. అంచుల్లో పాతిన ఎర్ర, పసుపు గుంజలు పెనాల్టీ ఏరియాకు (నీటి గుంటల్లాంటి చోట్లకు), తెల్ల గుంజలు అవుట్ ఆఫ్ బౌండ్స్‌కు (ఆట హద్దు దాటిన చోటుకు) గుర్తులు.

సరే, రంగును వదిలేస్తే దేన్ని చూడాలి? స్కోర్‌కార్డును. ప్రతి టీకి అందులో మూడు సంఖ్యలు ఉంటాయి. మొదటిది మొత్తం దూరం. ఆస్ట్రేలియాలోనూ యూరప్‌లో చాలాచోట్లా ఇది మీటర్లలో ఉంటుంది. దాదాపు పదో వంతు కలిపితే గజాలు వస్తాయి, 5,500 మీటర్లంటే సుమారు 6,015 గజాలు. రెండోది కోర్స్ రేటింగ్: హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని బట్టి దక్కే అదనపు స్ట్రోకులు, అంటే దెబ్బలు) సున్నా ఉన్న ఆటగాడు ఆ టీ నుంచి మామూలు పరిస్థితుల్లో ఎన్ని స్ట్రోకుల్లో ముగిస్తాడన్న అంచనా. మూడోది స్లోప్: 55 నుంచి 155 మధ్య ఉంటుంది, 113 ప్రమాణం. స్లోప్ ఎక్కువుంటే కోర్సు అందరికీ కష్టమని చాలామంది అనుకుంటారు. అది చెప్పేది వేరు. మంచి ఆటగాడితో పోలిస్తే సగటు ఆటగాడికి కష్టం ఎంత వేగంగా పెరుగుతుందన్నదే స్లోప్.

ఈ సంఖ్యలు ఎలా పనిచేస్తాయో ఒక లెక్కలో చూడండి. హ్యాండిక్యాప్ ఇండెక్స్‌ను (ఏ కోర్సుకైనా వాడే మీ హ్యాండిక్యాప్ సంఖ్యను) స్లోప్‌తో హెచ్చవేసి 113తో భాగించాలి, వచ్చినదానికి కోర్స్ రేటింగ్ నుంచి పార్ (మంచి ఆటగాడికి పట్టాల్సిన స్ట్రోకులు) తీసేయగా మిగిలింది కలపాలి. ఆ టీ నుంచి మీకు దక్కే స్ట్రోకులు అవే. మీ ఇండెక్స్ 18.0, పార్ 72 అనుకుందాం. తెల్ల టీ రేటింగ్ 70.2, స్లోప్ 126 అయితే 20.07లోంచి 1.8 పోయి 18.27, అంటే 18 స్ట్రోకులు. నీలం రేటింగ్ 72.6, స్లోప్ 133 అయితే 21.19కి 0.6 కలిసి 21.79, అంటే 22. టీ మారితే నాలుగు స్ట్రోకులు మారాయి. అందుకే వేర్వేరు టీల నుంచి ఆడుతున్న ఇద్దరు న్యాయంగా పోటీపడవచ్చు. "నేను వెనక నుంచి ఆడుతున్నా, నాకు రెండు ఎక్కువ ఇవ్వు" అని మొదటి టీ దగ్గర బేరాలాడే పని లేదు.

ఇక ఎక్కడి నుంచి ఆడాలన్న ప్రశ్న. 2011లో అమెరికాలో యూఎస్‌జీఏ, పీజీఏ ఆఫ్ అమెరికా అనే గోల్ఫ్ సంఘాలు కలిసి "టీ ఇట్ ఫార్వర్డ్" అని ప్రచారం మొదలుపెట్టి, డ్రైవ్ (టీ నుంచి కొట్టే పొడవైన మొదటి షాట్) దూరాన్ని బట్టి కోర్సు నిడివి సూచించాయి. సగటు డ్రైవ్ 250 గజాలైతే 6,200 నుంచి 6,400. 225 అయితే 5,800 నుంచి 6,000. 200 అయితే 5,200 నుంచి 5,400. ఇంకా తేలికైన లెక్క, మీ 5-ఐరన్ (మధ్యస్థ దూరాలు కొట్టే కర్ర) దూరాన్ని 36తో హెచ్చవేయడం: 150 గజాలు కొడితే 5,400. ఇక్కడ నిజాయితీ కావాలి. ఎప్పుడో గాలివాటున తగిలిన దెబ్బ కాదు, పది డ్రైవ్‌ల సగటు తీసుకోవాలి.

ఎందుకంటే నష్టం జరిగేది రెండో షాట్‌లో. నీలం నుంచి 410 గజాల పార్-4లో (నాలుగు స్ట్రోకుల్లో ముగించాల్సిన హోల్‌లో) 200 గజాల డ్రైవ్ కొడితే ఇంకా 210 మిగులుతుంది. చేతిలో ఏ క్లబ్బు (కొట్టే కర్ర) ఉన్నా గ్రీన్ అందదు. అదే హోల్ ముందు టీ నుంచి 340 ఉంటే 140 మిగులుతుంది, ఐరన్‌తో గ్రీన్ మీదకు కొట్టే అవకాశం వస్తుంది. డిజైనర్ గ్రీన్ చుట్టూ బంకర్లను (ఇసుక గుంటలను) పెట్టింది అలాంటి షాట్ కోసమే. నీటి మీదుగా 180 గజాలు దాటించాల్సిన టీ షాట్లు వెనక టీల నుంచి ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టుకోండి. హైదరాబాద్, విశాఖల్లో వానాకాలం వస్తే నేల మెత్తబడి బంతి పడ్డచోటే ఆగుతుంది. ఎండాకాలంలో ఆడే టీ కన్నా ఒక టీ ముందుకు రావడం మంచిది. ఎరుపు ఆడవాళ్లదనే భావన కూడా వదిలేయాలి. ఒకే టీకి మగవాళ్లకు ఒక రేటింగ్, ఆడవాళ్లకు ఒక రేటింగ్ ఇచ్చే వీలుంది. స్కోరు నమోదు చేసేటప్పుడు ఆ రెండూ తారుమారైతే హ్యాండిక్యాప్ తప్పుతుంది.

కార్డులోని దూరం రంగు మార్కర్ల నుంచి కొలిచింది కాదు. టీ పక్కన నేలలో పాతిన శాశ్వత గుర్తు నుంచి కొలుస్తారు. గడ్డి పాడవకుండా మార్కర్లను తరచూ ముందుకూ వెనక్కూ జరుపుతారు. శాశ్వత గుర్తుకు మార్కర్లు ఎంత ముందున్నాయో వెనకున్నాయో చూసి క్లబ్బు ఎంచుకోవాలి, ముఖ్యంగా పార్-3లో. ఇంకో ఉచ్చు ఉంది: రెండు మార్కర్లు ఒక్కోసారి ఫెయిర్‌వే మధ్యకు కాకుండా చెట్ల వైపు తిరిగి ఉంటాయి. వాటిని చూసి నిలబడితే షాట్ పక్కకు పోతుంది. గురి కోసం దూరంగా ఏదైనా చెట్టును ఎంచుకోండి.

బంతి పెట్టాల్సిన చోటు మార్కర్ల ముందు అంచు నుంచి వెనక్కి రెండు క్లబ్బుల పొడవున్న దీర్ఘచతురస్రం. మీ బ్యాగులో పుట్టర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్ర) కాకుండా ఉన్న అన్నిటికన్నా పొడవైన క్లబ్బు ఇక్కడ కొలత: 45 అంగుళాల డ్రైవర్ అయితే ఏడున్నర అడుగులు. బంతి లోపల ఉంటే చాలు, కాళ్లు బయట ఉన్నా తప్పు లేదు. స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే పోటీలో) బయట నుంచి కొట్టినా, వేరే రంగు టీ నుంచి కొట్టినా రెండు స్ట్రోకుల పెనాల్టీ, మళ్లీ సరైన చోటు నుంచి ఆడాలి. సరిదిద్దుకోకుండా తర్వాతి హోల్ మొదలుపెడితే పోటీ నుంచే అవుట్. మ్యాచ్ ప్లేలో (హోల్ హోల్‌కూ గెలుపు చూసే పోటీలో) పెనాల్టీ లేదు కానీ ప్రత్యర్థి ఆ షాట్‌ను వెంటనే రద్దు చేయించవచ్చు. కొన్ని హోళ్లు నీలం, కొన్ని తెలుపు నుంచి ఆడే కాంబో టీల్లో ఈ పొరపాటు ఎక్కువ, అందుకే ప్రతి హోల్‌కూ కార్డు చూడాలి.

మొదటి షాట్ కొట్టేవరకు మీ టీ మార్కర్లు అడ్డుగా ఉన్నా జరపకూడదు, జరిపి లాభం పొందితే రెండు స్ట్రోకులు పోతాయి. కానీ షాట్ టాప్ అయి (దెబ్బ బంతి పైభాగానికి తగిలి) బంతి పోయి ముందున్న ఎర్ర మార్కర్ పక్కన ఆగితే, ఆ మార్కర్‌ను తీసి పక్కన పెట్టి ఆడవచ్చు. ఆడాక దాన్ని తీసిన చోటే పెట్టాలి. వెనక వచ్చేవాళ్లు హోల్ మొదలుపెట్టేది అక్కడి నుంచే.